చిట్టి రైలు పట్టాలెక్కాలంటే

ఇంట్లో నమూనా రైలుమార్గం కట్టుకుంటున్న పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద హెచ్‌ఓ స్కేలులో (అసలు కొలతలో 87వ వంతు) మార్గం వేశాను. వంపు వ్యాసార్ధం 18 అంగుళాలు. ఇంజిను ఒక్కటే అయితే చక్కగా తిరుగుతోంది. ఆరు ఎల్‌హెచ్‌బీ బోగీలు (ఇప్పటి పొడవాటి ప్రయాణికుల బోగీలు) తగిలిస్తే వంపులో లోపలికి ఒరిగి పడిపోతున్నాయి. లోపం పట్టాలదా, బోగీలదా? (విజయవాడ)

జవాబు: లెక్కది. అసలు ఎల్‌హెచ్‌బీ బోగీ 23.54 మీటర్లు. 87తో భాగిస్తే 27 సెంటీమీటర్లు. మీ వంపు వ్యాసార్ధం 46 సెంటీమీటర్లు, అంటే బోగీ పొడవుకి రెట్టింపు కూడా లేదు. రెండున్నర రెట్లు (67 సెం.మీ.) ఉంటే పడకుండా తిరుగుతాయి, మూడు రెట్లు (81 సెం.మీ.) ఉంటే చూడముచ్చటగా తిరుగుతాయి. నాలుగడుగుల బల్ల మీద అంచులు వదిలేస్తే వ్యాసార్ధం 55 సెం.మీ. దాటదు. కాబట్టి ఆ బల్ల మీద గూడ్సు బండి నడపండి. బాక్స్‌ఎన్ వాగన్ 12 సెంటీమీటర్లే, ఆ వంపులో ఇబ్బంది పడదు. ఎల్‌హెచ్‌బీనే కావాలంటే బల్ల వదిలి, గది గోడల వెంట అర మీటరు వెడల్పు పలక వేసుకుని మూలల్లో పెద్ద వంపు తిప్పడం మేలు.

లోపలికే ఎందుకు పడుతున్నాయంటే, ఇంజిను లాగుతుంటే బండి మొత్తం బిగిసిన తాడులా తిన్నగా అవ్వాలని చూస్తుంది. తేలిక బోగీ ముందు లేస్తుంది. అమెరికాలోని నమూనా రైళ్ల సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సిఫారసు ప్రకారం హెచ్‌ఓ పెట్టెకి ఒక ఔన్సు, పైగా అంగుళం పొడవుకి అర ఔన్సు చొప్పున బరువుండాలి. మీ బోగీకి అది సుమారు 180 గ్రాములు. వంటింటి త్రాసులో తూచి, తగ్గినంత బరువు నేల భాగంలో అతికించండి. పైకప్పు లోపల పెడితే ఇంకా త్వరగా పడుతుంది.

ప్రశ్న: బండి కంట్రోలర్ దగ్గర జోరుగా, అవతలి వైపు నీరసంగా నడుస్తోంది. మల్టీమీటరు పెడితే రెండుచోట్లా ఒకటే ఓల్టేజీ! (హైదరాబాద్)

జవాబు: బండి ఆగి ఉన్నప్పుడు చూస్తే అలాగే చూపిస్తుంది. మోటారు కరెంటు లాగుతున్నప్పుడు కొలవండి, తేడా బయటపడుతుంది. పట్టాలను కలిపే జాయినర్లు పట్టాలను వరసలో నిలపడానికే గాని కరెంటు మోయడానికి కావు. కొత్తలో బాగానే ఉంటాయి, తుప్పో రంగో జిగురో చేరగానే మొరాయిస్తాయి.

బల్ల కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరింగు తీగలు రెండు, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి, మార్గం వెంట నడపండి. ప్రతి పట్టా ముక్క నుంచి 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగ దించి వాటికి కలపండి. ఎరుపు ఎప్పుడూ బయటి పట్టాకే. ఒక్కచోట తారుమారైతే షార్ట్ అవుతుంది, అందుకే రెండు మూడు తీగలు కలిపినప్పుడల్లా బండి నడిపి చూడండి. పట్టాకీ తీగకీ ముందే విడివిడిగా సీసం పూసుకుంటే టంకం రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఎక్కువసేపు కాలిస్తే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి, అటూ ఇటూ తడి దూది పెట్టండి. టంకం బాగా పట్టడానికి పూసే ఫ్లక్స్‌లో యాసిడ్ రకం వద్దు, రోజిన్ వాడండి. పట్టాలు మురికైతే ఎమరీ కాగితంతో రుద్దకండి. ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ చాలు.

ప్రశ్న: బీచ్ ఇసుక తెచ్చి ఫెవికాల్‌తో కంకరలా అతికించాను. పాయింట్లు (బండిని ఒక లైను నుంచి మరో లైనుకి మళ్లించే పట్టాలు) కదలడం లేదు, ఇంజిను లోపల ఏదో గరగరమంటోంది. (కాకినాడ)

జవాబు: మన తీరంలో ఇసుకకి రెండు దోషాలు. ఉప్పు తేమను పీల్చి పట్టాలను చెడగొడుతుంది. నల్ల రేణువుల్లో కొన్నింటిని అయస్కాంతం లాగుతుంది, అవి మోటారులోకి చేరతాయి. ఏ ఇసుకైనా సరే, కాగితంలో చుట్టిన అయస్కాంతాన్ని రెండుసార్లు అందులో తిప్పాకే వాడాలి.

అసలు లైను కంకర రాయి 65 మిల్లీమీటర్ల లోపు. హెచ్‌ఓలో అది ముప్పావు మిల్లీమీటరు. క్రషర్ రాతిపొడిని టీ జాలిలో జల్లించి, పల్చటి గుడ్డలో దుమ్ము రాల్చేస్తే సరిపోతుంది. పొడిగా పోసి, మెత్తని కుంచెతో స్లీపర్ల మీద గింజ లేకుండా సర్దండి. తర్వాత రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపిన నీటిని మంచులా చల్లండి. ఇది వదిలేస్తే జిగురు లోపలికి దిగక ముద్దలై కంకర మీద తేలుతుంది. అప్పుడు ఒక వంతు ఫెవికాల్, రెండు వంతుల నీళ్లు సిరంజితో. 24 గంటలు ముట్టుకోవద్దు, పాయింట్లను తప్ప. వాటిని ఆరేదాకా పావుగంటకోసారి అటూ ఇటూ కదపాలి. కదిలే నాలుకల మధ్య కంకరే వద్దు. ఇప్పుడు బిగిసినవాటి మీద గోరువెచ్చని నీటి గుడ్డ అరగంట వేస్తే మామూలు తెల్ల జిగురు మెత్తబడుతుంది. నీటికి తట్టుకునే రకం వాడి ఉంటే పాయింటు మార్చక తప్పదు.

ప్రశ్న: థర్మోకోల్ కొండకి స్ప్రే రంగు కొడితే గుంటలు పడ్డాయి. (వరంగల్)

జవాబు: స్ప్రేలోని ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుంది. చెప్పులకు వాడే పసుపు జిగురూ అంతే. తెల్ల జిగురు, నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగులే వాడండి. పడ్డ గుంటల్ని పూడ్చకండి, రాతి చరియల్లా పనికొస్తాయి.

ప్రశ్న: మా ఊరి ఆర్చి వంతెన కట్టాలని కోరిక. కుదురుతుందా? (రాజమహేంద్రవరం)

జవాబు: మొత్తం కుదరదు. 28 కమానులు, ఒక్కోటి 97.55 మీటర్లు. హెచ్‌ఓలో ఒక్క కమానే 112 సెంటీమీటర్లు, మొత్తం 31 మీటర్ల పైమాటే. ఎన్ స్కేలులో (1:160) ఒక్కోటి 61 సెంటీమీటర్లు, మూడు కడితే ఆరడుగుల బల్ల నిండుతుంది. కమాను పొడవు కుదించి సంఖ్య పెంచాలనిపిస్తుంది, ఆ పని చేయకండి. సంఖ్య తగ్గితే ఎవరూ పట్టించుకోరు, వంపు నిష్పత్తి మారితే మీ ఊరివాళ్లు చూడగానే పట్టేస్తారు. కమానుల్ని మూడు పొరల పల్చటి ప్లాస్టిక్ షీటుతో అచ్చు మీద వంచి అతికించండి, కానీ బరువు వాటి మీద వేయొద్దు. పట్టా కింద దాచిన అల్యూమినియం గొట్టమే బండిని మోయాలి, లేకపోతే నెలల్లో నడుం వంగుతుంది. నీటికి రెజిన్ పోస్తే ఒక్కో పొర మూడు మిల్లీమీటర్లు దాటొద్దు, పోసే ముందు అడుగున ఎర్రమట్టి రంగు వేయండి. వరద గోదావరికి నీలం నప్పదు.