ఏడో పాట దగ్గర ఆగిన వాక్యం

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. "నాకు నచ్చిన పది కవర్ పాటలు", అంటే ఒకరు పాడినదాన్ని ఇంకొకరు మళ్లీ పాడిన పాటలు, అని పేరు పెట్టావు. పదింట్లో ఆరింటిని "అద్భుతం" అన్నావు, మూడింటిని "ఒరిజినల్‌ను మించిపోయింది" అన్నావు. ఏడో పాట దగ్గర మాత్రం ఒక వాక్యం రాశావు: "ఇది నాకు తెలిసిన పాటే అని చాలాసేపు గుర్తుపట్టలేకపోయాను." ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం. మిగతా తొమ్మిది పేరాలూ ఎవరైనా రాస్తారు.

ఎందుకు గుర్తుపట్టలేకపోయావో నువ్వు రాయలేదు. రాయాల్సింది అదే. నీ ఏడో పాట "విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్" బీటిల్స్ బృందం 1967లో పాడినప్పుడు నాలుగు దెబ్బల నడక. వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ గొంతు, తలూపుకుంటూ వినే హుషారు. మరుసటి ఏడాది జో కాకర్ అనే గాయకుడు దాన్ని మూడు దెబ్బల తిశ్రగతికి మార్చాడు, వేగం బాగా తగ్గించాడు, వెనక ఆడవాళ్ల కోరస్ పెట్టాడు. మాటలు దాదాపు అవే. రింగో పాడుతుంటే "స్నేహితులున్నారులే" అన్న ధీమా వినిపిస్తుంది. కాకర్ పాడుతుంటే ఆ స్నేహితులు లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడో అని మనకు దిగులు పుడుతుంది. నువ్వు తెలిసిన పాటను గుర్తుపట్టలేదంటే నీ చెవి తప్పు కాదు. తాళం మారేసరికి పాటలో మనిషే మారిపోయాడు.

కవర్ పాట గురించి రాయడమంటే నా దృష్టిలో ఇంతే: రెండో మనిషి ఏం మార్చాడు, దాంతో పాటకు ఏమైంది. "బాగుంది" అనేది నీ గురించిన సమాచారం. "ఇక్కడ వేగం తగ్గించాడు, అందుకని ఈ మాట ఫిర్యాదులా కాక ప్రార్థనలా వినబడింది" అనేది పాట గురించిన సమాచారం. చదివేవాడికి రెండోదే కావాలి. అది దొరికితే మొదటిది వాడే ఊహించుకుంటాడు.

నీ జాబితాలో "రెస్పెక్ట్" ఉంది. "అరీతా ఫ్రాంక్లిన్ గొంతులో శక్తి ఉంది" అని రాసి వదిలేశావు. ఎంత అన్యాయం చేశావో చూడు. ఆ పాట ఓటిస్ రెడ్డింగ్ రాసుకుని 1965లో పాడాడు. అందులో ఒక మగవాడు, సంపాదించి తెచ్చేవాడు, ఇంటికొచ్చినప్పుడు తనకు కాస్త మర్యాద దక్కాలంటాడు. అడిగేది కూడా బతిమాలినట్టే ఉంటుంది. 1967లో అరీతా అదే పాట పాడింది. ఇప్పుడు అడిగేది ఆడది. డబ్బు ఆవిడ చేతిలో కూడా ఉంది. అది ఇస్తానంటూనే మర్యాద అడుగుతోంది, ఆ అడగడంలో బతిమాలడం లేదు. "రెస్పెక్ట్" అన్న పదాన్ని అక్షరం అక్షరంగా విడగొట్టి పలకడం ఓటిస్ పాటలో లేదు, ఈవిడ తెచ్చి పెట్టింది. చెప్పిన మాట ఎదుటివాడి చెవికెక్కనప్పుడు అలాగే కదా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చెబుతాం? వెనక అక్కాచెల్లెళ్లు గొంతు కలపడంతో అది ఒక్క మనిషి గొడవ కాకుండా పోయింది. ఆ ఏడాది జూన్‌లో మాంటెరీ సంగీతోత్సవం వేదిక మీద ఓటిస్ ఈ పాట పాడబోతూ, దీన్ని ఒకమ్మాయి నా దగ్గర్నుంచి ఎత్తుకెళ్లిపోయిందని నవ్వుతూ చెప్పాడు. డిసెంబర్‌లో విమాన ప్రమాదంలో పోయాడు.

ఇంకో చిన్న సంగతి. అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగితే రాసినవాళ్లకు డబ్బొస్తుంది, పాడినవాళ్లకు రాదు. అంటే లోకమంతా ఆవిడదే అనుకునే ఆ పాట అన్నేళ్లు రేడియోలో మోగితే, ఆ డబ్బు ఓటిస్ వైపే వెళ్లింది. ఎత్తుకెళ్లింది ఎవరో, లాభం ఎవరికో! ఇలాంటివి తెలిస్తే "శక్తి ఉంది" అని రాయడానికి నీకే చెయ్యి రాదు.

మార్పు ఎప్పుడూ పెద్దదే కానక్కర్లేదు. జానీ క్యాష్ పాడిన "హర్ట్" విను. ట్రెంట్ రెజ్నర్ ముప్పై నిండకుండా రాసిన పాట, అతని బృందం నైన్ ఇంచ్ నెయిల్స్ ఆల్బమ్‌లో 1994లో వచ్చింది. డెబ్బై ఏళ్ల క్యాష్ పాడింది 2002లో బయటికొచ్చింది. మూలంలో కిరీటం దగ్గర ఒక బూతుమాట ఉంటుంది. క్యాష్ దాన్ని తీసేసి ముళ్లు పెట్టాడు. ఒక్క మాట. కుర్రవాడు తనను తాను అసహ్యించుకునే పాట కాస్తా, క్రీస్తును నమ్ముకున్న ఒక ముసలాయన చివరి లెక్కలు చూసుకునే పాట అయింది. వీడియోలో భర్తను చూస్తూ నిలబడిన జూన్ కార్టర్ 2003 మే నెలలో పోయింది, క్యాష్ అదే సెప్టెంబర్‌లో పోయాడు. వీడియో చూశాక ఆ పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నరే అన్నాడు. పరకాయ ప్రవేశం అంటారే, అది. అయితే ఆ చావుల సంగతి మొదటి వాక్యంలో పెట్టకు. నువ్వు పెట్టావు. చావును ముందు చెబితే చదివేవాడు పాట వినడు, జాలిపడతాడు. ముళ్ల కిరీటం ముందు చెప్పు.

"హల్లెలూయా" గురించి నువ్వు జెఫ్ బక్లీ పేరొక్కటే రాశావు. అది లెనార్డ్ కోహెన్ రాసి 1984లో పాడాడు. జాన్ కేల్ అనే గాయకుడు ఆయన దగ్గర్నుంచి బోలెడన్ని చరణాలు తెప్పించుకుని, తనకు కావలసినవి ఏరుకుని 1991లో పియానో మీద పాడాడు. బక్లీ 1994లో పాడింది కేల్ ఏరిన ఆ పాటనే. మధ్యలో ఏరినవాడు లేకపోతే నీకు నచ్చిన పాట లేదు. చరణాలు ఎంచుకోవడం కూడా పాడటంలో భాగమేనని ఆ ముగ్గురినీ వరసగా వింటే తెలుస్తుంది.

ఏమీ మార్చకపోవడం సంగతేమిటని అడుగుతావు. మక్కికి మక్కి పాడితే సాధారణంగా నాకు విసుగు. కానీ ల్యూక్ కూంబ్స్ 2023లో పాడిన "ఫాస్ట్ కార్" నన్ను ఆపేసింది. ట్రేసీ చాప్‌మన్ 1988లో పాడినప్పుడు కథ చెప్పేది దుకాణంలో పనిచేసే అమ్మాయి. కూంబ్స్ మగవాడు, కంట్రీ అనే అమెరికా పల్లె సంగీతం పాడే గాయకుడు. ఆ "అమ్మాయి" అన్న మాటను అతను తేలిగ్గా మార్చుకోగలడు. మార్చలేదు. ఆ ఒక్క చోట చెయ్యి పెట్టకపోవడం వల్ల పాట ఆవిడదిగానే ఉండిపోయింది, అతను ఆవిడ కథను మోసుకొచ్చినవాడయ్యాడు. ముప్పై అయిదేళ్ల తర్వాత ఆ పాటకు కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ల "సాంగ్ ఆఫ్ ది ఇయర్" బహుమతి వస్తే అది చాప్‌మన్‌కు వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత్రి ఆవిడే. కాబట్టి ఏం మారిందో రాసేటప్పుడు, మార్చగలిగీ మార్చనిది ఏముందో కూడా చూడు.

అన్ని కవర్లూ ఇంత మర్యాదగా జరగలేదు. 1950లలో నల్లవాళ్ల పాట ఒకటి పైకొస్తుంటే, వేరే కంపెనీ అదే పాటను తెల్ల గాయకుడితో పాడించి మార్కెట్లోకి వదిలేది. "హౌండ్ డాగ్" చూడు. నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్ పాట 1953లో వచ్చింది. తన మీద పడి తినే మగవాణ్ణి కుక్క అని తిట్టి గడప దాటిస్తున్న ఆడదాని పాట అది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడేనాటికి మాటలు మారాయి, అందులో కుందేలు కూడా వచ్చి చేరింది. తిట్టు పోయింది, నిజంగానే కుక్క మిగిలింది. ఎల్విస్ పాటలో ఊపు లేదని నేననను, నాకూ కాలు ఆడుతుంది. కానీ ఆ పాటను మెచ్చుకుంటూ థార్న్‌టన్ పేరెత్తకపోతే, ఆవిణ్ణి రెండోసారి పక్కకు నెట్టినవాళ్లం అవుతాం.

ఈ తప్పు నేనూ చేశాను కనుక చెబుతున్నాను. వయసులో ఉన్నప్పుడు ఒక పత్రికకు "నథింగ్ కంపేర్స్ టూ యూ" గురించి రాస్తూ, షినేడ్ ఓకానర్ తన గుండెల్లోంచి తీసి రాసుకున్న పాట అని గట్టిగా రాసేశాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడి కార్డు వచ్చింది: "అయ్యా, అది ప్రిన్స్ రాసినది. ది ఫ్యామిలీ అనే బృందం 1985లోనే పాడింది. మీరు విన్నది రెండోది." సిగ్గుతో రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఆ మొదటిది వెతికి విన్నాను. విన్నాక నా తప్పు ఎందుకు జరిగిందో అర్థమైంది. పాటలో తల్లి నాటిన పూలమొక్కల ప్రస్తావన ఒకటుంది. వీడియోలో అక్కడ తనకు కన్నీళ్లు రావడానికి పోయిన తల్లి గుర్తుకు రావడమే కారణమని షినేడ్ చెప్పింది. రాసింది ప్రిన్సే, కానీ ఆ తల్లి మాత్రం షినేడ్ తల్లి. ఈ సంగతి ముందే తెలిసుంటే నా వ్యాసం తప్పు కాకపోవడమే కాదు, బాగుండేది కూడా.

దాన్నుంచి నేర్చుకున్నది ఇంకొకటి. చెవికి ఏది ముందు పడితే అదే దానికి ఒరిజినల్. "ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ"ను విట్నీ హ్యూస్టన్ గొంతులో ముందు విన్నవాళ్లకు డాలీ పార్టన్ 1974 పాట చప్పగా అనిపిస్తుంది. పార్టన్‌ను ముందు విన్నవాళ్లకు విట్నీ అరుస్తున్నట్టుంటుంది. ఇద్దరిదీ నిజాయితీయే, ఇద్దరిదీ అలవాటే. నిజానికి పార్టన్ అది ప్రేమికుడి కోసం రాయలేదు, తనకు వేదికనిచ్చిన పోర్టర్ వాగనర్ దగ్గర పని మానేస్తూ వీడ్కోలుగా రాసింది. అందుకే అంత తగ్గి, మాట్లాడుతున్నట్టు పాడుతుంది. విట్నీ 1992లో వాద్యాలేవీ లేకుండా మొదలుపెట్టి, చివర్లో ఒక్క డ్రమ్ము దెబ్బ తర్వాత శ్రుతి పెంచేసింది. ఒకావిడ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లింది, ఇంకొకావిడ నలుగురూ వినేట్టు చెప్పి వెళ్లింది. ఏది గొప్పదని నన్నడిగితే రోజును బట్టి జవాబు చెబుతాను. నువ్వు "మించిపోయింది" అని రాసిన మూడు చోట్లా నువ్వు ఏది ముందు విన్నావో నాకు తెలియాలి. ఆ సంగతి దాచి తీర్పు చెబితే నేను నమ్మను.

ఇప్పుడు చేయాల్సిన పని. పదిలో తొమ్మిది పాటలు తీసెయ్. బాధగా ఉంటుంది, తెలుసు. తీసినవి పారెయ్యకు, వేరే కాగితం మీద పెట్టుకో. కాకర్ పాట ఒక్కటి ఉంచు. ముందు రింగోది, తర్వాత కాకర్‌ది, మళ్లీ రింగోది విను. వింటున్నంతసేపూ రాయకు, చేత్తో తాళం వెయ్యి, నాలుగు ఎక్కడ మూడైందో చేతికే తెలుస్తుంది. బీటిల్స్ పాటలో తోటివాళ్లు ప్రశ్న వేస్తారు, రింగో జవాబు చెబుతాడు. కాకర్ పాటలో ఆ ప్రశ్నలు ఆడవాళ్ల గొంతుల్లో వస్తాయి. అక్కడ కాస్త ఆగు. వాళ్లు అడుగుతున్నప్పుడు నీకు ఏమనిపించిందో, ఏ జవాబు దగ్గర అతని గొంతు పగిలిందో గుర్తుపెట్టుకో. అప్పుడు "గుర్తుపట్టలేకపోయాను" అన్న వాక్యాన్ని మొదటికి తెచ్చి, తర్వాతి వాక్యం రాయి. రెండు పేజీలు చాలు.

ఇంకొక్క మాట అడగడం మర్చిపోయాను. చివరికి గుర్తుపట్టావు కదా, ఏ మాట దగ్గర? అది మాత్రం వ్యాసం పూర్తయ్యేదాకా ఆగకుండా రేపే రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు