ఇంటేక్ కిట్‌ను పెట్టుబడి అనుకోవచ్చా మేడం?

ప్రశ్న: మేడం, ఎనిమిది నెలల కిందట నేనొక స్పోర్ట్స్ కారు కొన్నాను. టర్బో లేని ఇంజిన్, 200 హార్స్‌పవర్. సెకండ్ హ్యాండే కానీ కంపెనీ వారంటీ ఇంకా 14 నెలలు ఉంది. లోన్ ఇంకో రెండేళ్లు కట్టాలి. దీనికి కోల్డ్ ఎయిర్ ఇంటేక్, అంటే ఇంజిన్‌కి బయటి చల్లగాలి అందించే గొట్టం, ఫిల్టర్ ఉన్న కిట్, బిగించాలని చాలా రోజులుగా మనసు లాగుతోంది. కిట్ ధర నా నెల జీతంలో సగం. నెలకు పెట్రోలుకి నేను పెట్టేది ఆ కిట్ ధరలో అయిదో వంతు ఉంటుంది. అమ్మేవాళ్లు 12 నెలల వాయిదాలు ఇస్తామంటున్నారు, వడ్డీ నెలకు ఒక శాతమేనట. పవర్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, రేపు కారు అమ్మితే రేటు కూడా ఎక్కువ పలుకుతుంది, కాబట్టి ఇది ఖర్చు కాదు పెట్టుబడి అని మా ఫ్రెండ్ అంటున్నాడు. అత్యవసరాలకని దాచిన డబ్బు రెండు నెలల ఖర్చులకు వస్తుంది. తీసుకోమంటారా?

జవాబు: ముందు మీ ఫ్రెండ్ మాట సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చిక్కంతా ‘పెట్టుబడి’ అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది. ఖర్చు అనుకున్నప్పుడు మనం జేబు తడిమి చూసుకుంటాం. అదే పెట్టుబడి అనుకున్నామా, అప్పు చేయడానికి కూడా ఎక్కడలేని ధైర్యం వచ్చేస్తుంది. ఇంటేక్ కిట్ల మీద నాకేం కోపం లేదు, నేనూ ఒకప్పుడు బిగించుకున్నదాన్నే, ఆ కథ కింద చెప్తాను. సరదాకి డబ్బు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. సరదాకి వడ్డీ కట్టడం దగ్గరే నాకు పేచీ.

మైలేజీ లెక్క చూద్దాం. కిట్ ధర 100 అనుకోండి, మీ నెల పెట్రోలు 20. మీ ఫ్రెండ్ మాట నిజమే అనుకుని మైలేజీ 2 శాతం పెరిగిందనే అనుకుందాం. నెలకు మిగిలేది 0.4. కిట్ డబ్బు తిరిగి రావాలంటే 250 నెలలు, అంటే దాదాపు 21 ఏళ్లు అదే కారు అంతే నడపాలి. ఆ 2 శాతం కూడా నేను దయతలచి ఇచ్చిందే. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ వాళ్లు ఈ కాలపు ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో బాగా మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్‌నీ కొత్త ఫిల్టర్‌నీ పెట్టి చూస్తే, మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా కనిపించింది పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు వచ్చే పికప్‌లో. ఎందుకంటే ఎంత గాలి వస్తే దానికి తగ్గట్టు పెట్రోలు పోయడమే కారులోని కంప్యూటర్ పని. పైగా మామూలుగా నడిపేటప్పుడు గాలికి అడ్డుపడేది ఫిల్టర్ కాదు, సగం మూసి ఉన్న థ్రాటిల్, అంటే పెడల్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు. అడ్డు అక్కడుంటే ఇక్కడ గొట్టం పెద్దది చేసి ఏం లాభం చెప్పండి?

పవర్ మాట పూర్తిగా అబద్ధం కాదు. గాలి చల్లబడితే చిక్కబడుతుంది. 40 డిగ్రీల గాలికి బదులు 30 డిగ్రీల గాలి లోపలికి వెళ్తే, అంతే చోటులో సుమారు 3 శాతం ఎక్కువ గాలి పడుతుంది. ఆ లెక్కన మీ 200 హార్స్‌పవర్‌కి ఒక ఆరు కలవచ్చు, అదీ పెడల్ నేలకు తగిలేలా తొక్కి, ఇంజిన్‌ని గరిష్ఠ వేగం దాకా తిప్పినప్పుడు. కాకపోతే చాలా స్పోర్ట్స్ కార్లలో కంపెనీ ఎయిర్‌బాక్స్ (ఫిల్టర్ కూర్చునే డబ్బా) కూడా గ్రిల్ వెనక నుంచో ఫెండర్ పక్క నుంచో బయటి చల్లగాలినే పీలుస్తుంది కాబట్టి ఆ పది డిగ్రీల తేడా మీకు అసలు దొరకకపోవచ్చు. షార్ట్ ర్యామ్ అని పొట్టి గొట్టంతో వచ్చే రకం ఇంకా విచిత్రం, ఇంజిన్ పక్కనే ఫిల్టర్ ఓపెన్‌గా కూర్చుంటుంది, ట్రాఫిక్‌లో ఆగితే ఇంజిన్ వేడినే మళ్లీ మింగుతుంది. ఇలాంటిది పెడితే ఎండలో సిగ్నల్ దగ్గర ఆగి లేచేటప్పుడు ఉన్న పవరే కాస్త తగ్గొచ్చు.

మరి బిగించుకున్న ప్రతి ఒక్కరూ ‘తేడా తెలుస్తోంది’ అని ఎందుకంటారు? శబ్దం వల్ల. కంపెనీ ఎయిర్‌బాక్స్‌కి తగిలించి ఉండే ఖాళీ డబ్బా లాంటి రెజొనేటర్ ఉన్నదే గాలి పీల్చే హోరును అణచడానికి. కిట్‌తో అది పోతుంది. మూడు వేల ఆర్‌పీఎం దాటగానే బానెట్ కింద నుంచి ఒక గుర్రు లేస్తుంది, ఒళ్లు జలదరిస్తుంది, కారు దూసుకుపోతున్నట్టే ఉంటుంది. నిజం చెప్పాలంటే మీరు కొంటున్నది ఆ శబ్దాన్నే. ఆ శబ్దానికి అరనెల జీతం పెట్టొచ్చని మీకనిపిస్తే పెట్టండి, నేను వద్దనను, కొందరు వాచీలకు పెట్టడం లేదూ? మైలేజీ పేరు చెప్పి మీకు మీరే సర్దిచెప్పుకోవద్దు, అంతే.

రీసేల్‌కి ఒక్క సామెత చాలు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. మార్పులు చేసిన కారు కనిపించగానే కొనేవాడు ‘దీన్ని బాగా బాదినట్టున్నారు’ అని అనుమానపడి బేరం కిందికి లాగుతాడు. కిట్ విప్పేసి, పాత ఎయిర్‌బాక్స్ తిరిగి పెట్టి, కిట్‌ని విడిగా అమ్ముకుంటేనే ఎంతో కొంత చేతికొచ్చేది.

ఇప్పుడు అసలు ఖర్చు దగ్గరికి వద్దాం, ఎందుకంటే కిట్ ధర అందులో ఒక ముక్క మాత్రమే. లోపలికి వచ్చే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ అని ఒకటి చాలా కార్లలో ఆ గొట్టంలోనే ఉంటుంది. గొట్టం వ్యాసం కొద్దిగా మారినా దాని లెక్క తప్పుతుంది, గాలి ఎక్కువ పెట్రోలు తక్కువ అయ్యి చెక్ ఇంజిన్ లైటు వెలగొచ్చు. మీ మోడల్‌కే కొలిచి చేసిన మంచి కిట్ అయితే ఈ బాధ తక్కువ. అలాంటిది కాకపోతే ట్యూనింగ్, అంటే కారు కంప్యూటర్‌లోని ప్రోగ్రాంని కిట్‌కి తగ్గట్టు మార్పించడం, చేయించాలి, దాని ఖర్చు కొన్నిసార్లు కిట్‌కి సమానంగా తేలుతుంది. ట్యూనింగ్ చేయిస్తే కంప్యూటర్‌లో దాని జాడ ఉండిపోవచ్చు, తర్వాత పాత ప్రోగ్రాం ఎక్కించినా సర్వీస్ సెంటర్‌లో పట్టుకోగలరు.

అందుకే మీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే విలువైనదిగా కనిపించింది ఆ 14 నెలల వారంటీ. గొట్టం మార్చినంత మాత్రాన వారంటీ మొత్తం ఎగిరిపోతుందని కాదు, డోర్ లాక్ పాడైతే దానికీ దీనికీ సంబంధం లేదు. కానీ ఇంజిన్‌కి ఏదైనా అయిందంటే మొదటి వేలు ఈ కిట్ వైపే చూపిస్తుంది, తప్పు కిట్‌ది కాదని నిరూపించడానికి మీరు తిరగాలి. ఇంజిన్ పని అంటే ఎన్ని కిట్ల ఖరీదో మీ సర్వీస్ సెంటర్‌లో ఊరికే ఒకసారి అడిగి చూడండి. ఆరు హార్స్‌పవర్ కోసం, అదీ రావచ్చు రాకపోవచ్చు, అంత పెద్ద గొడుగును మీ చేత్తో మీరే మూసుకుంటారా?

నీళ్ల సంగతి ఇంకొకటి. అసలు సిసలు కోల్డ్ ఎయిర్ ఇంటేక్‌లో ఫిల్టర్ కిందికి, బంపర్ వెనకో చక్రం పక్కనో ఉంటుంది. రోడ్డు మీద నిలిచిన నీళ్లలోకి దింపి ఫిల్టర్ మునిగిందంటే ఇంజిన్ ఆ నీళ్లు తాగేస్తుంది. గాలిలాగా నీళ్లు నొక్కితే నొక్కుకునేవి కావు, పిస్టన్ పైకొచ్చేసరికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బీమా కంపెనీకి చెప్పకుండా బిగించిన పార్టు వల్ల ఇలా జరిగితే క్లెయిమ్ దగ్గర ఏమవుతుందో మీరే ఊహించుకోండి. కాబట్టి బిగించే ముందే వాళ్లకి ఈమెయిల్ పెట్టండి, ప్రీమియం పెరుగుతుందా, నీళ్ల వల్ల ఇంజిన్ పాడైతే ఇస్తారా అని అడగండి, వచ్చిన జవాబు దాచుకోండి. ఫోన్‌లో ‘ఏం పర్లేదు సర్’ అన్న మాట రేపు ఎక్కడా నిలబడదు. మీరుండే చోట ఇలాంటి మార్పులకు అనుమతి కావాలా అన్నది కూడా ఆ పనిలో పనిగా కనుక్కోండి.

నా కథ చెప్తానన్నాను కదా. నా కిట్‌లో నూనె పట్టించే కాటన్ ఫిల్టర్ ఉండేది, కడిగి మళ్లీ వాడుకోవచ్చు, జీవితాంతం ఫిల్టర్ ఖర్చు ఉండదని మహా సంబరపడ్డాను. మొదటిసారి కడిగాక శ్రద్ధ ఎక్కువై నూనె కాస్త దండిగా పట్టించాను. మూడు వారాలకి సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ ఎగశ్వాస దిగశ్వాస, పసుపు లైటు, కోడ్ పీ0171, అంటే గాలితో పోలిస్తే పెట్రోలు తక్కువైందని. ఒక వర్క్‌షాప్‌లో మాఫ్ సెన్సర్ పోయిందని చెప్పి కొత్తది వేశారు. తర్వాత తెలిసిందేంటంటే ఫిల్టర్ నుంచి ఎగిరిన నూనె ఆ సెన్సర్‌లో వెంట్రుక లాంటి తీగకి అంటుకుంది, దానికోసమే అమ్మే స్ప్రేతో చాలాసార్లు శుభ్రమైపోతుంది. స్ప్రేతో పోయేదానికి సెన్సర్ ఖరీదు కట్టాను. ఆ ఏడాది నా ఖర్చుల పుస్తకంలో ‘కారు’ అన్న పేజీ ఇప్పటికీ తిప్పబుద్ధి కాదు.

ఇక వాయిదాలు. కిట్ 100 అయితే నెలకు ఒక శాతం చొప్పున 12 నెలలకు వడ్డీ 12, మొత్తం 112, నెలకు 9.33. ఏడాదికి 12 శాతమే కదా అనిపిస్తుంది. కానీ మొదటి నెల 100 బాకీ మీద ఎంత వడ్డీ కట్టారో, బాకీ దాదాపు తీరిపోయిన పన్నెండో నెలలో కూడా అంతే కడుతున్నారు. తగ్గుతూ వచ్చే అసలు మీద లెక్కేస్తే అది 21.5 శాతం దగ్గర తేలుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకా పైకి. అదే 9.33ని ప్రతి నెలా పక్కన పెట్టుకుంటే 11వ నెలలో కిట్ డబ్బు మొత్తం మీ చేతిలో ఉంటుంది, ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.

మీకు మాత్రం అంత తొందర కూడా అక్కర్లేదు, వారంటీ 14 నెలలుంది కదా. జీతంలో మూడున్నర శాతం చొప్పున ఒక విడి ఖాతాలో వేస్తూ పొండి, వారంటీ అయిపోయే రోజుకి కిట్ డబ్బు దాదాపుగా రెడీగా ఉంటుంది. దానికి ఒక షరతు. సరదా ఖాతాలో ఒకటి వేస్తే అత్యవసర నిధిలో రెండు వేయాలి. లోన్ నడుస్తుండగా రెండు నెలల నిల్వ అంటే నాకే టెన్షన్‌గా ఉంది, ఉద్యోగంలో చిన్న కుదుపు వస్తే కిట్‌తో పాటు కారూ పోతుంది. ఈ లెక్కన 14 నెలలకి ఇంకో నెల జీతం అందులో చేరుతుంది. ఆరు నెలలకు తీసుకెళ్లాలన్నది నా కోరిక, మూడు నెలలు దాటాక మాత్రం మీ సరదాకి నేను అడ్డు చెప్పను. ఈలోగా టైర్లు అరిగితే ఆ సరదా ఖాతాలోంచే మంచి టైర్లు కొనండి, మలుపుల్లో మీకు తెలిసే తేడా అక్కడుంది.

మరీ ఆగలేకపోతే కంపెనీ బాక్స్‌లోనే కూర్చునే ప్యానెల్ ఫిల్టర్ ఒకటి వస్తుంది, కిట్ ధరలో చిన్న వంతు. శబ్దం పిసరంత మారుతుంది. అదైనా నూనె లేని రకం తీసుకోండి, నా అనుభవం మీకెందుకు.

14 నెలలయ్యాక కూడా మనసు అలాగే లాగుతుంటే బిగించుకోండి, కూలీ కూడా దండగ, ఒక పూట పని. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. సెన్సర్ కనెక్టర్ క్లిప్ వేడికి పెళుసెక్కి ఉంటుంది, లాగొద్దు, నొక్కి వదిలించండి. పాత గొట్టం నుంచి సెన్సర్ విప్పేటప్పుడు దాని రబ్బరు రింగు జారి పడిపోకుండా చూసుకోండి, అది లేకుండా బిగిస్తే లెక్కలోకి రాని గాలి దూరి మళ్లీ అదే పసుపు లైటు. క్లాంపులు కదలకుండా ఉంటే చాలు, సిలికాన్ కోసుకుపోయేలా బిగించకండి, వంద కిలోమీటర్లు నడిపాక ఇంకోసారి చూసుకోండి. విప్పిన ఎయిర్‌బాక్స్‌ని రెజొనేటర్‌తో, స్క్రూలతో సహా కిట్ వచ్చిన అట్టపెట్టెలోనే సర్ది, పైన తేదీ, ఓడోమీటర్ రీడింగ్ రాసి అటక మీద పెట్టండి.