పాత బ్రిటిష్ పెన్నీ నాణేనికి ‘ఫైన్’ అని రాసి అమ్ముతున్నారంటే బాగున్నట్టేనా?

కాదండీ, ఆ మాట చూసే చాలామంది మోసపోతారు. బ్రిటిష్ నాణేల లెక్కలో ఫైన్ అంటే బాగా చేతులు మారి అరిగినదని. వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ దానికి పైమెట్లు. అసలు వాడనిది అన్‌సర్క్యులేటెడ్.

1860 నుంచి 1894 దాకా వచ్చిన విక్టోరియా కంచు పెన్నీ తీసుకుంటే, ముందు రాణి జుట్టు చూడండి. చెవి పైన పాయలు విడివిడిగా కనిపించాలి. కలిసిపోయి నున్నగా ఉంటే అరిగినట్టే.

ఐదో జార్జి పెన్నీలతోనే తంటా. 1920ల నాటివాటిలో కొన్నింటికి వెనకవైపు ఉండే బ్రిటానియా (బ్రిటన్‌కి గుర్తుగా వేసే స్త్రీ బొమ్మ) ముఖం కొత్తలోనే మసక. అది అరుగుదల కాదు, అచ్చు సరిగా పడలేదంతే. అందుకని రాజు తల వైపు కూడా చూశాకే తేల్చాలి.

చింతపండుతో మాత్రం తోమకండి. తళతళలాడుతుంది గానీ, ఆ గులాబీ మెరుపు చూడగానే నాణేలు సేకరించేవాడు ధర తగ్గించేస్తాడు.