తూము ఎటు పోయిందో రాయలేదు

చిరంజీవికి ఆశీస్సులు.

వాస్తుకళ పత్రికకు పంపాలని రాసిన నీ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు చాలా విసుగొచ్చింది. తాతగారి మండువా లోగిలి మీద రాశానని ఉత్తరంలో చెప్పావు. తీరా చూస్తే మొదటి ఆరు పేజీలూ హైడెగ్గర్, ఫూకో అనే తత్వవేత్తలు, లిమినల్ స్పేస్ అనే మాట (లోపలా బయటా కాని నడిమి చోటు). ఏడో పేజీకి గానీ ఇల్లు రాలేదు. వచ్చాక కూడా ప్లాన్ లేదు, ఇంటిని కోసి లోపలిది చూపే సెక్షన్ లేదు, ఒక్క కొలత లేదు. అచ్చుకు పనికొస్తుందో లేదో తేల్చే, గోదావరి జిల్లాల మొహం చూడని సమీక్షకుడు ఇది చదివి ఏ ఇంటిని ఊహించుకోవాలి?

ఆ తర్వాత చివర్లో ఒక ఫుట్‌నోట్ కంటబడింది. వాన పట్టగానే నానమ్మ మండువా నాలుగు మూలలా గంగాళాలు పెట్టించేదనీ, చూరంతా చుక్కలు చుక్కలుగా కారుతుంటే మూలల్లో మాత్రం ధార కట్టేదనీ రాశావు. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ నోట్ కోసమే. నాలుగు వైపులా కప్పు లోపలికి వాలినప్పుడు, రెండు వాలులు కలిసే చోటికి నీళ్లన్నీ చేరతాయి. మరి అక్కడ వడ్రంగి ఏం చేశాడు? పెంకు కింద రేకు పరిచాడా? ఆ మూలన వేసిన వాసం మిగతా వాసాలకంటే ఎంత లావు? మండువా నేల వసారా కంటే ఎన్ని అంగుళాలు కిందికి ఉంది? పడ్డ నీళ్లు ఏ తూములోంచి, ఏ గది కిందనుంచి పెరట్లోకి పోయాయి? ఇంటి నడిమధ్యకు వానను రానిచ్చి, గోడలు తడవకుండా దాన్ని బయటికి పంపిన ఆలోచనే నీ వ్యాసానికి సిద్ధాంతం. దాన్ని తీసుకెళ్లి ఫుట్‌నోట్‌లో పెట్టావు.

థియరీ పత్రికలు థియరీ దట్టంగా ఉంటేనే తీసుకుంటాయని మీ కాలేజీలో చెప్పారట. నేను ఒప్పుకోను. జర్మన్ వాస్తుశిల్పి గాట్‌ఫ్రీడ్ సెంపర్ వాస్తుకళకు మూలం నాలుగు అంగాలన్నాడు: పొయ్యి, దిమ్మ, కప్పు, అల్లిన తడిక. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వచ్చిన కరీబియన్ గుడిసెను చూసి, ఆ నాలుగూ దానిలోనే విడివిడిగా చూపించాడు. అంత పెద్ద సిద్ధాంతానికి ఒక గుడిసె సాక్ష్యం పలికింది. అంతదూరం ఎందుకు, బెంగళూరులో న్యాయాధికారిగా పనిచేసిన రామ్ రాజ్ సంగతి చూడు. శిల్పశాస్త్ర ప్రతుల్లో అర్థంకాని మాటలు వస్తే, పని తెలిసిన శిల్పిని పక్కన కూర్చోబెట్టుకుని తేల్చుకున్నాడు. ఆయన పోయాక, 1834లో, రాయల్ ఏషియాటిక్ సొసైటీ హిందూ వాస్తుకళ మీద ఆయన రాసిన పుస్తకాన్ని లండన్‌లో అచ్చు వేయించింది. అందులో 48 బొమ్మల పలకలున్నాయి. దేవాలయ వాస్తు మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఆ పలకలు తిరగేస్తారు.

నా సంగతీ చెప్తాను. 1988లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో డీకన్‌స్ట్రక్టివిస్ట్, అంటే రూపాలను విరిచి కట్టే వాస్తుకళ, ప్రదర్శన జరిగాక ఆ గాలి మన కాలేజీల దాకా వీచింది. ఎవరి వ్యాసం చూసినా ఫ్రెంచి తత్వవేత్త డెరిడానే. నేను ఆ రోజుల్లో ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్ల మీద పనిచేస్తున్నాను. మట్టిగోడ మందం, తాటాకు కప్పు నేలకు ఎంత దగ్గరగా దిగింది, తుఫాను గాలి గుండ్రటి గోడను ఎలా చుట్టుకుపోతుంది, అన్నీ కొలిచి ట్రేసింగ్ షీట్ల మీద రోట్రింగ్ పెన్నుతో గీశాను. అమ్మోనియా ప్రింట్లు తీయించి, గొట్టంలో చుట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నెలలు గడిచాక జవాబొచ్చింది. ఒక సమీక్షకుడు సెక్షన్లే ఈ వ్యాసానికి ప్రాణమన్నాడు. ఎడిటర్ మాత్రం బొమ్మలు సగానికి తగ్గించి థియరీ పెంచమన్నాడు. నేను ఒక్క గీత కూడా తీయలేదు. వ్యాసం వేరే పత్రికలో వచ్చింది. ఆ ఎడిటర్ మీద కోపం ఇప్పటికీ పోలేదు, ఎందుకంటే నేను కొలిచిన చుట్టిళ్లలో చాలావరకు ఈరోజు లేవు. వాటి గురించి అడిగేవాళ్లకు చూపించడానికి ఆ షీట్లే మిగిలాయి. ఇప్పుడు డెరిడా పోయి ఆంత్రోపోసీన్, అంటే మనుషులు భూమినే మార్చేసిన యుగమన్న మాట, వచ్చింది. రేపు ఇంకోటి వస్తుంది. ఆ పేర్ల వెంట పడొద్దు.

పంపే పద్ధతి గురించి అడిగావు. ఏదో ఒక పత్రికను ఎంచుకుని, దాని ఇటీవలి సంచికలు కూర్చుని చదువు. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపడం తప్పు, తెలిస్తే రెండు చోట్లా తిప్పికొడతారు. రాసిందెవరో సమీక్షకుడికి తెలియకూడదు కాబట్టి నీ పేరు, కృతజ్ఞతలు తీసెయ్. ఫైల్ ప్రాపర్టీస్‌లో కూడా పేరు ఉంటుంది, చాలామంది అది మర్చిపోతారు. వారంలో అచ్చు వేస్తామంటూ మెయిల్ పెట్టి డబ్బులడిగేవాళ్లకు జవాబే ఇవ్వకు. అలాంటి పత్రికల బెడద తగ్గించడానికి తెచ్చిన యూజీసీ కేర్ అనే నమ్మదగ్గ పత్రికల జాబితాను కూడా 2025లో ఆపేశారు. ఇక మంచీచెడూ నువ్వే చూసుకోవాలి.

ఇంటిని అమ్మకానికి పెట్టారని రాశావు. కొన్నవాళ్లు పెంకు దించకముందే వెళ్లు. నిలువుగా కోసినట్టు ఒక సెక్షన్, 1:50 స్కేలులో, కప్పు కొన దగ్గర్నుంచి తూము నోటి దాకా గీసుకురా. ఆ ఊళ్లో కప్పులు దించే ముసలి వడ్రంగి ఎవరైనా ఉంటే పట్టుకో, ఆయన చెప్పే పేర్లన్నీ బొమ్మ మీదే రాసుకో. ఫొటోలు అచ్చు వేసుకోవడానికి మీ పెదనాన్నగారి దగ్గర సంతకం తీసుకో, పత్రిక అడుగుతుంది. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఎవర్నైనా వెంట తీసుకెళ్లు, ఒక్కదానివి వెళ్తే దూలం ఎత్తు కొలవలేవు.