తోసేకొద్దీ తిరిగొచ్చే ఆలోచన

ప్రశ్న: నా వయసు 34. రోజూ ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో ఆఫీసుకు వెళ్తాను. పన్నెండేళ్లుగా రోజుకు పది సిగరెట్లు తాగేవాణ్ణి. మానేసి తొమ్మిది రోజులైంది, ఒక్కటీ ముట్టలేదు. కానీ స్టేషన్ మెట్లు దిగి పాన్ డబ్బా చూడగానే అదే ధ్యాస. ‘తలుచుకోకూడదు’ అని ఎంత తోస్తే అంత గుర్తొస్తోంది. నా మనసు గట్టిది కాదా సార్?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: తమ్ముడూ, తొమ్మిది రోజులు ముట్టకుండా ఉన్నావంటే గట్టివాడివే. ఇబ్బందల్లా ఆ తోయడంలోనే ఉంది.

1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త కొందరికి ‘తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దు’ అని చెప్పాడు. వాళ్లకు పదే పదే అదే గుర్తొచ్చింది. 2010లో సిగరెట్ తాగేవాళ్ల మీదే ఒక పరిశోధన వచ్చింది. వారంపాటు ఆ ఆలోచనను అణచుకున్నవాళ్లు ఆ వారం తక్కువే తాగారు. తర్వాతి వారం మాత్రం ఎక్కువ తాగారు. నీ విషయంలో నా భయమూ అదే.

నేను మానిన రోజుల్లో నన్ను పట్టి లాగింది నారాయణగూడలో ఇరానీ చాయ్. కప్పు సాసర్‌లో పెట్టిన చప్పుడుకే కుడిచేతి రెండు వేళ్లూ దగ్గరకొచ్చేవి. చాయ్ కూడా మానేసి చూశాను. అది ఒక శిక్షకు రెండు శిక్షలైంది. తర్వాత దారి మార్చాను. ఆలోచన రాగానే ‘ఆఁ, వచ్చావా’ అని లోపలే పలకరించి, వెళ్లగొట్టకుండా, అది అడిగింది ఇవ్వకుండా చాయ్ తాగుతూ కూర్చునేవాణ్ణి. గోడ గడియారంలో అయిదారు నిమిషాలు తిరిగేసరికి అదే చల్లబడేది. మళ్లీ వచ్చేది. మళ్లీ కూర్చునేవాణ్ణి.

అలాగని వెళ్లి డబ్బా ముందు నిలబడకు. ఈ నెలంతా అవతలి వైపు మెట్లు దిగు. ఒంటికి పట్టిన గుంజులాట మొదటి వారం గట్టిగా ఉంటుంది, మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది.

అన్నట్టు, రోజుకెన్ని చాయ్‌లు తాగుతున్నావు? పొగ తాగేవాళ్ల ఒంట్లో చాయ్‌లోని కెఫీన్ త్వరగా కరుగుతుంది. మానేశాక అదే చాయ్ ఎక్కువసేపు పనిచేస్తుంది. దాంతో వచ్చే గాబరాను మనం సిగరెట్ కోరిక అనుకుంటాం. సగానికి తగ్గించి చూడు.

ఒక్కడివే మోయలేననిపిస్తే పొగాకు మానేవాళ్లకు సాయం చేసే 1800-11-2356కు ఫోన్ చెయ్యి, ఉచితం. సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది ఆ నంబరు. ‘ఎందుకైనా మంచిది’ అని బీరువాలో ఒక పెట్టె దాచావా? ఉంటే నంబరు రాసుకుని, పెట్టెను ఈ రాత్రే పారెయ్.