టోక్యోలో బాజ్ స్కాగ్స్ పాట వినాలనుకుంటున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

అమెరికన్ గాయకుడు బాజ్ స్కాగ్స్ ఈసారి జపాన్‌కు వస్తే తప్పక వెళ్తానని, ఇక్కడి పద్ధతులేమిటో చెప్పమని రాశావు. టోక్యోలోని ఈ నిషికసాయిలో కాపురం పెట్టిన నాటినుంచి ఇటువంటి కచేరీలు చాలానే విన్నాను కనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

ఆయన 1944లో పుట్టారు. నువ్వు ఫోనులో వింటున్న ఆయన ఆల్బమ్ ‘సిల్క్ డిగ్రీస్’ 1976 నాటిది. అదే గొంతు వినాలని వెళితే నిరాశ తప్పదు. వయసు మళ్లిన గాయకులు చాలామంది శ్రుతి తగ్గించుకుని, పైస్థాయిలో నిలపవలసిన స్వరాన్ని పొట్టిగా ముగించి, మాటను తాళానికి ఒకింత వెనకగా వేసి పాడతారు. మన సంగీత సభల్లో డెబ్బై దాటిన విద్వాంసులు చేసేదీ దాదాపు ఇదే. ఆ సర్దుబాటులోని నేర్పును గమనించు. ‘సిల్క్ డిగ్రీస్’లో డ్రమ్స్, కీబోర్డు, బాస్ గిటార్ వాయించిన ముగ్గురూ తర్వాత టోటో అనే పేరున్న రాక్ బృందాన్ని స్థాపించినవారే. అందుకే అందులోని ‘లోడౌన్’ వంటి పాటలో గొంతుకు ఎంత చెవి ఇస్తావో, బాస్‌కూ అంతే ఇవ్వాలి. ఈ సంగీతాన్ని జపాన్‌లో ఏఓఆర్ (అడల్ట్ ఓరియెంటెడ్ రాక్), అంటే పెద్దవాళ్లకు నచ్చే మెత్తని రాక్ అంటారు.

టికెట్లకు సాధారణంగా ముందు లాటరీ తీస్తారు. దాన్ని చూసెన్ అంటారు. పేరు తగిలితే కన్వీనియన్స్ స్టోరులో డబ్బు కట్టి టికెట్ తీసుకోవచ్చు. తగలకపోతే ఎక్కువ ధరకు అమ్మేవారి జోలికి వెళ్లకు. అటువంటి వ్యాపారాన్ని నిషేధిస్తూ 2019 జూన్‌లో చట్టం అమలులోకి వచ్చింది. ఏ గాయకుడైనా టోక్యో రొప్పొంగిలోని బిల్‌బోర్డ్ లైవ్ అనే సంగీత క్లబ్బు వంటి చోట పాడితే, సాధారణంగా ఒకే సాయంత్రం రెండు ప్రదర్శనలు ఉంటాయి. రెండోదే మేలని చాలామంది అంటారు కానీ, పెద్దవయసు గాయకుడైతే గొంతు అలవక ముందే వినాలని నేను మొదటిదే ఎంచుకుంటాను.

సమయం విషయంలో ఏమరుపాటు వద్దు. ఒకసారి నేను పది నిమిషాలు ఆలస్యంగా వెళ్తే, పాట ముగిసేదాకా తలుపు దగ్గరే నిలబెట్టి, తర్వాత చీకట్లో వంగి నడిపించుకుంటూ సీటు దాకా తీసుకువెళ్లారు. నేను ఎదురుచూసిన పాట అదే. సంచి పెద్దదైతే స్టేషను లాకరులో పెట్టు, అందుకు వంద యెన్ల నాణేలు దగ్గర ఉంచుకో. అనుమతించామని చెబితే తప్ప ఫోటోలు తీయకు. పాటకూ పాటకూ మధ్య హాలు నిశ్శబ్దమైపోతే జనానికి నచ్చలేదనుకోవద్దు. గాయకుడు ఏమి చెబుతాడోనని వారు చెవులు రిక్కించి ఉంటారు. నీకు పాట కంఠతా వచ్చినా పెద్దగా అందుకోకు, పక్కవాడు డబ్బు కట్టింది నీ గొంతు వినడానికి కాదు. ముందు వరుసలు లేచినప్పుడే లేవాలి, లేకపోతే వెనక ఉన్నవారికి అడ్డు. చివరిలో అందరూ ఒకే తాళంలో చప్పట్లు కొట్టి మరో పాట అడుగుతారు, అక్కడ నువ్వూ మొహమాటపడకు.

వరుసల వారీగా బయటికి పంపుతుంటే పిలిచేదాకా కూర్చో. సాయంత్రం ఏడింటికి మొదలైన కచేరీ తొమ్మిదికి అటూ ఇటూగా ముగుస్తుంది, మా ఇంటివైపు వచ్చే తోజాయి మెట్రో లైనులో రైళ్లకు కొదవ ఉండదు. అక్కడ తినకుండా నేరుగా మా ఇంటికి రా, మీ పెద్దమ్మ పప్పుచారు పెట్టి ఉంచుతానంది.

నీ పెదనాన్న