ముందు అరెస్టు తేదీ చూడమ్మా

నల్లగొండ

చిరంజీవి మేనకోడలికి,

అమెరికా కోరిందని అల్లుణ్ణి ఢిల్లీలో అరెస్టు చేసి తీహార్ జైల్లో పెట్టారని అక్కయ్య చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నలభై ఏళ్లు నల్లగొండ కోర్టులో వకీలుగా పనిచేసినవాణ్ణి కనుక చెబుతున్నాను, నిబ్బరంగా చదువు.

ఆయన నిర్దోషి అని నిరూపించే కాగితాల కోసం తిరుగుతున్నావట. ఆ విచారణ ఇక్కడ జరగదమ్మా. ఆయన్ను అమెరికాకు అప్పగించడానికి ప్రాథమిక ఆధారం ఉందా అన్నదే ఇక్కడి మేజిస్ట్రేటు ముఖ్యంగా చూస్తారు. మన పౌరుణ్ణి పంపరులే అన్న ధీమా కూడా వద్దు. 1997లో మన దేశం అమెరికాతో చేసుకున్న నేరస్థుల అప్పగింత ఒప్పందం ప్రకారం ఆ కారణం చెప్పి అమెరికాకు కాదనలేరు. ఇవాళ ఆయన్ను లోపల ఉంచే అధికారం వాళ్లకు ఉందా? మనం పట్టుకోవలసింది ఈ ప్రశ్నను.

వారంటు నకలు తెప్పించు. 1962 నాటి నేరస్థుల అప్పగింత చట్టం 34బి సెక్షన్ కింద తాత్కాలిక వారంటుతో పట్టుకుని ఉంటే, అరెస్టయిన 60 రోజుల్లోగా అప్పగించమన్న అసలు అభ్యర్థన అందాలి. అందకపోతే విడిచిపెట్టి తీరాలి. ఇప్పటికి 41 రోజులైందని అక్కయ్య అంది. అభ్యర్థన వచ్చిందా, వస్తే ఏ తేదీన వచ్చిందో మీ వకీలు చేత రాతపూర్వకంగా అడిగించు.

విచారణ ముగిసి, అప్పగింత కోసం జైలుకు పంపాక రెండు నెలల్లో దేశం దాటించకపోతే 24వ సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. తగిన కారణం చూపితే కోర్టు కాదనవచ్చు కూడా. పైగా దరఖాస్తు వేస్తున్నామని కేంద్ర ప్రభుత్వానికి ముందే నోటీసు ఇచ్చినట్టు రుజువు చూపాలి. మిర్యాలగూడ కుర్రాడి కేసులో పోస్టాఫీసు రసీదు మా దగ్గర ఉంది, నోటీసు అందినట్టు అక్నాలెడ్జిమెంటు కార్డు మాత్రం లేదు. వాయిదా పడింది. వాళ్లమ్మ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కోర్టు మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చుంది. ఆ గులాబీ రంగు కార్డు విలువ నాకు ఆ రోజు తెలిసింది. నువ్వు ప్రతి రసీదూ దాచిపెట్టు.

బెయిలుకు 25వ సెక్షన్ ఉంది, దాన్ని వదలొద్దు. హెబియస్ కార్పస్, అంటే అక్రమంగా నిర్బంధించిన మనిషిని విడిపించమనే పిటిషన్, వేయాల్సి వస్తే ఢిల్లీ హైకోర్టులో వేయండి, హైదరాబాదులో కాదు. ఆయన ఉన్నది అక్కడి జైల్లో కదా.

వారంటు రెండు వైపులా ఫొటో తీసి ఈ రాత్రికే పంపు. వెనక వైపు రాతలు ముఖ్యం.

నీ మేనమామ